మూడో జార్జి: కేసు సరే, అభియోగాలే తప్పు

(గ్రంథాలయం హాల్లో జరిగిన ప్రసంగానికి పాఠం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్ళకు వినిపిస్తోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మైకుకి ఇంకాస్త దగ్గరికి జరుగుతాను.

ఇంగ్లండు రాజు మూడో జార్జి అనగానే గుర్తొచ్చేవి రెండే మాటలు. ఒకటి, నియంత. రెండు, పిచ్చి రాజు. అమెరికాలో పిల్లలు స్కూల్లో మొదటి మాట నేర్చుకుంటారు. ఇంగ్లండులో రెండోది ఎక్కువగా వినిపిస్తుంది. మన దగ్గర ఆ రెండూ కలిసిపోయి ఒకే వాక్యంగా స్థిరపడ్డాయి: "పిచ్చెక్కి అమెరికాను పోగొట్టుకున్న రాజు." ముందు ఈ వాక్యం సంగతి తేల్చుకుందాం. యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సైన్యం లొంగిపోయింది 1781 అక్టోబరులో. అమెరికా స్వతంత్రమని ఒప్పుకున్న పారిస్ ఒప్పందం మీద సంతకాలయింది 1783 సెప్టెంబరులో. ఆయనకు మతి తప్పింది ఎప్పుడు? 1788 చివర్లో. అమెరికా పోయిన ఐదేళ్ళకు! పిచ్చికీ అమెరికాకీ సంబంధం లేదు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తెలిసిపోయే విషయం ఇది. అయినా రెండు వందల ఏళ్ళకు పైగా ఆ వాక్యం అలాగే నడుస్తోంది.

ఈ రాజుతో మనకేం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆయన సింహాసనం ఎక్కింది 1760 అక్టోబరు 25న. అప్పటికి తెలుగు నేల మీద ఈస్టిండియా కంపెనీవాళ్ళకు గట్టిగా కాలు మోపే చోటు అంటే బందరు, దాని చుట్టుపక్కల. అదీ ఏడాది క్రితం ఫ్రెంచివాళ్ళ దగ్గర గుంజుకున్నది. ఆయన చనిపోయింది 1820 జనవరి 29న. అప్పటికి గంజాం నుంచి నెల్లూరు దాకా కోస్తా అంతా, రాయలసీమలో ఎక్కువ భాగం కంపెనీ చేతిలో ఉంది. హైదరాబాదు నిజాం కంపెనీ సైన్యం నీడలోకి వెళ్ళిపోయి అప్పటికే ఇరవై ఏళ్ళు దాటింది. ఒక్క రాజు కాలంలో! అందుకని ఆయన ఎలాంటివాడు, ఏం చేశాడు, ఏం చెయ్యలేదు అన్నది మనకు పరాయి విషయం కాదు.

నేను ఈ పూట ఆయన్ని నిర్దోషి అని నిరూపించడానికి రాలేదు. ఇది ముందే చెబుతున్నాను. ఆయన మీద పెట్టిన అభియోగాలు తప్పు అంటున్నాను. పెట్టాల్సినవి వేరే ఉన్నాయి. వాటిని ఎవరూ పెట్టలేదు.

సరే, మనిషి ఎలాంటివాడు? ఇరవై రెండేళ్ళకు రాజయ్యాడు. తాత రెండో జార్జి, ముత్తాత మొదటి జార్జి ఇద్దరూ జర్మనీలోని హానోవర్ నుంచి వచ్చినవాళ్ళు. ఆ వంశంలో ఇంగ్లండులో పుట్టి రాజైన మొదటివాడు ఈయనే. పార్లమెంటులో మొదటి ప్రసంగంలో "ఈ దేశంలో పుట్టి, ఇక్కడే చదువుకున్నాను, అందుకు గర్విస్తున్నాను" అని ఆ మాట తనే చేర్చాడు. హానోవర్‌కి కూడా రాజే గానీ జీవితంలో ఒక్కసారీ అక్కడికి వెళ్ళలేదు. ఒక్క భార్య, షార్లెట్. పదిహేనుమంది పిల్లలు. ఉంపుడుగత్తెలు లేరు. ఆ కాలపు యూరపు రాజుల్లో ఇది ఎంత అరుదో ఊహించండి.

ఆయన ఉత్తరాల గురించి ఒక్క సంగతి చెప్పాలి. ఉత్తరం పైన తేదీతో ఆగడు. గంట, నిమిషం కూడా వేస్తాడు. ఉదయం ఏడు గంటల నలభై ఆరు నిమిషాలు, అలాగ. ప్రధానమంత్రికి రాసే రెండు వాక్యాల చీటీకీ అంతే. చాలా ఏళ్ళు ఆయనకు ప్రైవేటు సెక్రటరీ లేడు. చూపు మందగించాక, 1805లో గానీ పెట్టుకోలేదు. అప్పటిదాకా అన్నీ స్వహస్తాలతో రాయడమే. లక్షల పేజీల కాగితాలు విండ్సరు కోటలో ఉన్నాయి. అవి చదువుతుంటే నాకు కనిపించేది నియంత కాదు. పని ఎగ్గొట్టడం చేతకాని మనిషి, ఒక నిర్ణయానికి వచ్చాక వెనక్కి తిరగడం అంతకన్నా చేతకాని మనిషి. ఈ రెండో గుణమే ఆయన కొంప ముంచింది.

ఇప్పుడు అమెరికా. 1765లో స్టాంపు చట్టం వచ్చింది. దస్తావేజులకూ, పత్రికలకూ, చివరికి పేకముక్కలకు కూడా స్టాంపు డ్యూటీ కట్టాలి. ఆ చట్టం తెచ్చిందెవరు? గ్రెన్‌విల్ మంత్రివర్గం. పాస్ చేసిందెవరు? పార్లమెంటు. మార్చి 22న దానికి రాజముద్ర పడే రోజుకి జార్జి జబ్బుపడి ఉన్నాడు. ఆయన తరఫున కమిషన్ ద్వారా ఆమోదం ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆ చట్టం రద్దయింది. రద్దుకు రాజు అడ్డు చెప్పలేదు. అప్పుడు అమెరికావాళ్ళు ఏం చేశారు? ఆ రాజుకు కృతజ్ఞతగా న్యూయార్కులో విగ్రహం పెట్టించారు! గుర్రం మీద కూర్చున్న జార్జి. సీసంతో పోతపోసి, పైన బంగారు పూత పూశారు. 1770లో బౌలింగ్ గ్రీన్ అనే చోట నిలబెట్టారు.

ఆరేళ్ళు గడిచాయి. 1776 జులై 9న స్వాతంత్ర్య ప్రకటన న్యూయార్కులో చదివి వినిపించారు. ఆ సాయంత్రమే జనం వెళ్ళి అదే విగ్రహాన్ని తాళ్ళు కట్టి లాగి పడేశారు. సీసం ముక్కల్ని కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్ ఊరికి తీసుకెళ్ళి కరిగించి తుపాకీ గుళ్ళు పోశారు. లెక్క కూడా రాసి పెట్టుకున్నారు: 42,088 గుళ్ళు. ఆ గుళ్ళన్నీ ఆ రాజు సైనికుల మీదికే.

ఈ ఆరేళ్ళలో ఏం మారింది? ఇది కాస్త నిదానంగా చూడాలి. అమెరికాలోని బ్రిటిష్ వలస రాజ్యాల గొడవ మొదట రాజుతో కాదు, పార్లమెంటుతో. "మా ప్రతినిధులు లేని సభ మా మీద పన్ను ఎలా వేస్తుంది?" అన్నది వాళ్ళ వాదన. అందుకని వాళ్ళు రాజుకే మొరపెట్టుకున్నారు. పార్లమెంటు చట్టాలను మీరు ఆపండి, మీ వీటో వాడండి అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ బ్రిటన్‌లో రాజు వీటో వాడి అప్పటికి ఎన్నేళ్ళయింది? చివరిసారి వాడింది ఆన్ రాణి, 1708లో. మొదటి చార్లెస్ కాలంలో రాజు పార్లమెంటును తొక్కెయ్యాలని చూస్తే అంతర్యుద్ధం వచ్చి, రాజు తలే తెగిపడింది. 1688లో ఇంకో రాజు దేశం వదిలి పారిపోవాల్సి వచ్చింది. ఆ చరిత్ర అంతా చదువుకుని పెరిగినవాడు జార్జి. పార్లమెంటు చేసిన చట్టానికి కట్టుబడి ఉండడమే తన ధర్మం అనుకున్నాడు.

అంటే ఏమిటి? అమెరికావాళ్ళు అడిగినట్టు పార్లమెంటును కాదని వీటో వాడితే లండన్‌లో నియంత అయ్యేవాడు. వాడలేదు కాబట్టి, స్వాతంత్ర్య ప్రకటన రాసిన ఫిలడెల్ఫియాలో నియంత అయ్యాడు. స్వాతంత్ర్య ప్రకటనలో 27 ఆరోపణలున్నాయి, చాలావరకు "అతడు ఇలా చేశాడు, అతడు అలా చేశాడు" అని మొదలవుతాయి. పార్లమెంటు పేరు ఒక్కసారి కూడా రాదు. ఎందుకు రాదు? పార్లమెంటుకు తమ మీద అధికారమే లేదని వాళ్ళు వాదిస్తున్నారు. అధికారమే లేని సభ మీద ఫిర్యాదు ఎలా రాస్తారు? తెగదెంపులు చేసుకోవాల్సింది రాజుతో మాత్రమే. అందుకని నేరాలన్నీ ఆయన ఖాతాలో వేశారు. అది ఒక ఉద్యమ పత్రం. గొప్ప పత్రం, ప్రపంచాన్ని మార్చిన పత్రం. దాని పని అది చేసింది. దాన్ని కోర్టు తీర్పులా చదవడమే మన పొరపాటు.

మరి జార్జి తప్పేం లేదా? ఉంది. చాలా ఉంది. 1774 నవంబరులో ప్రధానమంత్రి నార్త్‌కి రాసిన ఉత్తరంలో, వాళ్ళు మనకు లోబడి ఉండాలా, స్వతంత్రులు కావాలా అన్నది దెబ్బలే తేల్చాలి అన్నాడు. మరుసటి ఏడు వలసల ప్రతినిధులు సంధి కోరుతూ వినతిపత్రం పంపితే తీసుకోనే లేదు. ఆగస్టు 23న తిరుగుబాటు ప్రకటన జారీ చేశాడు. జర్మన్ సంస్థానాల నుంచి కిరాయి సైన్యాన్ని తెప్పించారు. ఆ తర్వాత, యుద్ధం గెలవడం కాదని నార్త్‌కి అర్థమైంది, రాజీనామా చేస్తానని పదేపదే బతిమాలాడు. జార్జి వదల్లేదు. పంతం. ఆ పంతానికి రెండు వైపులా వేలమంది చచ్చిపోయారు. 1782లో చివరికి నార్త్ తప్పుకున్నాక సింహాసనం వదిలేస్తానని చిత్తుప్రతి కూడా రాసుకున్నాడు. పంపలేదు. కాబట్టి అమెరికా విషయంలో అభియోగం నియంతృత్వం కాదు. యుద్ధాన్ని అనవసరంగా సాగదీయడం. రెండూ ఒకటి కావు.

ఓడిపోయాక ఎలా ఉన్నాడో కూడా చూడాలి. 1785 జూన్ 1న కొత్త దేశం నుంచి మొదటి రాయబారిగా జాన్ ఆడమ్స్ వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. ఆ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్ళలో ఆడమ్స్ ఒకడు. ఆ గదిలో ఇద్దరికీ ఎంత టెన్షన్ ఉండి ఉంటుంది! ఆడమ్సే రాసిపెట్టాడు, ఇద్దరి గొంతులూ వణికాయని. జార్జి ఏమన్నాడంటే: "విడిపోవడానికి ఒప్పుకున్నవాళ్ళలో నేనే చివరివాణ్ణి. కానీ విడిపోవడం జరిగిపోయింది, తప్పనిదైంది. కాబట్టి స్వతంత్ర దేశంగా మీతో స్నేహానికి ముందుకొచ్చేవాళ్ళలో నేనే మొదటివాణ్ణి అవుతాను." నియంతలు ఇలా మాట్లాడతారా?

ఇప్పుడు రెండో మాటకొద్దాం. పిచ్చి.

ఈ మాట అనేముందు కాస్త ఆగుదాం. ఈ హాల్లో ఉన్న మన ఇళ్ళలోనూ, బంధువుల ఇళ్ళలోనూ మనసుకు జబ్బు చేసినవాళ్ళు ఉంటారు. వాళ్ళ గురించి బయటివాళ్ళు ఈ మాట అంటే మనకెలా ఉంటుందో మనకు తెలుసు. ఒక మనిషి అరవై ఏళ్ళ పాలనకు అతని జబ్బు పేరు పెట్టడం ఏం న్యాయం?

1788 అక్టోబరులో మొదలైంది. కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం, ఆపకుండా మాట్లాడడం. గొంతు బొంగురు పోయేదాకా గంటల తరబడి మాటలు. నవంబరు 5న విండ్సరులో భోజనాల దగ్గర పూర్తిగా అదుపు తప్పాడు. నెలాఖరుకి క్యూ అనే చోట ఉన్న ఇంటికి తరలించారు. డిసెంబరులో ఫ్రాన్సిస్ విల్లిస్ అనే ఆయన వచ్చాడు. పాస్టరు, డాక్టరు కూడా. లింకన్‌షైర్‌లో మానసిక రోగుల కోసం ప్రైవేటు ఆస్పత్రి నడిపేవాడు. ఆయన పద్ధతి ఏమిటంటే, రోగిని ముందు లొంగదీయాలి. రాజు మాట వినకపోతే చేతులు బిగించే చొక్కా తొడిగేవారు. కాళ్ళకు మందు పట్టీలు వేసి కావాలని బొబ్బలెక్కించేవారు, చెడు రసాలు బయటికి పోతాయని. వాంతులకు మందు, విరేచనాలకు మందు. తర్వాత ఒక కుర్చీ తెప్పించారు. అందులో కూర్చోబెట్టి పట్టీలతో కట్టేసేవారు. ఆ కుర్చీకి జార్జి పెట్టిన పేరు తెలుసా? "పట్టాభిషేక సింహాసనం." మతి తప్పిందంటున్న మనిషి అన్న మాట అది. తనకేం జరుగుతోందో ఆయనకు తెలుసు. విల్లిస్ ఒకసారి, ఏసుప్రభువు కూడా రోగులకు స్వస్థత చేశాడు కదా అన్నాడట. జార్జి వెంటనే, "అవును, కానీ దానికి ఆయన ఏడాదికి ఏడు వందల పౌన్లు తీసుకోలేదు" అన్నాడు.

ఫానీ బర్నీ అనే రచయిత్రి అప్పట్లో రాణి దగ్గర కొలువులో ఉండేది. ఆమె డైరీలో 1789 ఫిబ్రవరి 2 నాటి సంగతి ఉంది. క్యూ తోటలో ఆమె నడుస్తోంది. దూరంగా రాజు, ఆయన వెంట డాక్టర్లు. రాజు కంటపడొద్దని అందరికీ ఆజ్ఞ. ఆమె భయపడి పరుగెత్తింది. వెనక నుంచి రాజు ఆమెను పిలుస్తూ పరుగు. ఆయన వెనక డాక్టర్లు, సేవకులు. మీరు పరుగెడితే ఆయనకు ప్రమాదం, ఆగండి అని డాక్టర్లు కేకవేస్తే ఆగింది. రాజు దగ్గరికొచ్చి, "ఎందుకు పారిపోయావు?" అని అడిగాడు. ఆమె భుజాల మీద చేతులు వేసి, చెంప మీద ముద్దు పెట్టి, చాలాసేపు మాట్లాడాడు. హాండెల్ అనే సంగీతకారుడి పాటలు బొంగురు గొంతుతో పాడబోయాడు. ఆమె ఉద్యోగంలో కష్టాల గురించి కూడా అడిగాడు, నేను నీకు అండగా ఉంటాను అన్నాడు. మూడు నెలలుగా మనుషుల మధ్య తిరగనివ్వని ఒక రోగి, తెలిసిన ముఖం కనబడితే పరుగెత్తుకొచ్చాడు. నాకు అందులో పిచ్చి కన్నా ఒంటరితనమే ఎక్కువ కనబడుతుంది.

మీరంతా విన్న కథ ఒకటుంది, చెట్టును ప్రష్యా రాజు అనుకుని దానికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడని. దానికి నమ్మదగ్గ ఆధారం లేదు. ఆ రోజుల్లో అమ్ముడుపోవడానికి వేసిన ఒక కరపత్రంలోంచి పుట్టింది. అయినా జనం నోట నిలిచింది అదే. బర్నీ రాసింది ఎందరికి తెలుసు?

ఇంతలో లండన్‌లో రాజకీయం ఏమిటి? రాజుకి నయం కాదు అంటే యువరాజు రీజెంటు, అంటే రాజు బదులు పాలించేవాడు అవుతాడు, యువరాజు స్నేహితుడు, ప్రతిపక్ష నాయకుడు ఫాక్స్ అధికారంలోకొస్తాడు. నయమవుతుంది అంటే పిట్ ప్రధానమంత్రిగా ఉంటాడు. డాక్టర్లు కూడా పార్టీలవారీగా చీలిపోయారు. ఆ మనిషి రోజూ ఎంతసేపు నిద్రపోయాడన్నది కూడా రాజకీయ వార్తే. రీజెన్సీ బిల్లు పార్లమెంటులో ఉండగానే, ఫిబ్రవరిలో ఆయన కోలుకున్నాడు. ఏప్రిల్ 23న సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో కృతజ్ఞతా ప్రార్థనకు వెళితే జనం వీధులన్నీ నిండిపోయారు.

జబ్బు ఏమిటి? 1966లో ఇద్దరు డాక్టర్లు, తల్లీకొడుకులు మకాల్పైన్, హంటర్, అది పోర్ఫిరియా అనే రక్తసంబంధమైన వంశపారంపర్య జబ్బు అన్నారు. చాలాకాలం అదే చెలామణి అయింది. ఇటీవలి పరిశోధకులు ఆ పాత కేసు నోట్సు మళ్ళీ చదివి, ఆ వాదన నిలబడదు, ఇది మానియా, ఇప్పటి మాటల్లో బైపోలార్ లాంటిది అంటున్నారు. జబ్బు రోజుల ఉత్తరాల్లో వాక్యాలు ఎంత పొడవు పెరిగాయో కూడా లెక్కగట్టారు, నాలుగు వందల పదాల వాక్యాలు ఉన్నాయట. నాకు ఈ కొత్త వాదనే సబబుగా తోస్తుంది. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. పోర్ఫిరియా అంటే ఆయన పరువు దక్కింది, మానసిక వ్యాధి అంటే పరువు పోయింది అన్నట్టు కొందరు మాట్లాడతారు. ఎందుకు పోవాలి?

ఈ జబ్బు మళ్ళీ 1801లో, 1804లో వచ్చింది. 1810లో ఇష్టమైన కూతురు అమీలియా చనిపోయింది, ఆ సమయంలో వచ్చింది ఇక పోలేదు. 1811 నుంచి కొడుకు రీజెంటు. అంటే అరవై ఏళ్ళ పాలనలో చివరి తొమ్మిదేళ్ళు తీసేస్తే మిగిలిన యాభై ఏళ్ళలో ఆయన మతి తప్పి ఉన్నది అన్నీ కలిపినా నెలల లెక్కే.

మరి ఈ ముద్రలు ఎలా పడ్డాయి? పంతొమ్మిదో శతాబ్దంలో చరిత్ర రాసినవాళ్ళు ఎక్కువగా, రాజు అధికారానికి హద్దులుండాలనే విగ్ పార్టీ సంప్రదాయం వాళ్ళు. ఫాక్స్ వాళ్ళకు హీరో. కాబట్టి జార్జి విలన్. రాజరికపు పాత అధికారాన్ని తిరిగి తెచ్చుకోవడానికి కుట్ర పన్నాడని రాశారు. 1929లో లూయిస్ నేమియర్ అనే చరిత్రకారుడు ఎంపీల ఉత్తరాలూ, ఎన్నికల లెక్కలూ ఒక్కొక్కటి తిరగేసి, కుట్ర లేదు, ఆ కాలపు రాజకీయం నడిచే తీరే అంత అని చూపించాడు. నేమియర్‌ని తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు. అయినా పాత కథ మళ్ళీ ఎప్పుడూ మునుపటిలా నిలబడలేదు.

ఆయన చేసిన మంచి పనులు గబగబా చెప్పేస్తాను. సొంత డబ్బుతో కూడబెట్టిన దాదాపు 65 వేల పుస్తకాల గ్రంథాలయం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, అద్దాల గోపురంలా మధ్యలో కనబడేది అదే. యురేనస్ గ్రహం కనిపెట్టిన హెర్షెల్‌కి జీతం ఇచ్చి, నలభై అడుగుల టెలిస్కోపుకి డబ్బిచ్చాడు. వ్యవసాయం మీద మారుపేరుతో వ్యాసాలు రాశాడు. 1786లో మార్గరెట్ నికొల్సన్ అనే మతిస్థిమితం లేని స్త్రీ చిన్న చాకుతో పొడవబోతే, "పాపం, ఆమెను ఏమీ చెయ్యకండి, నాకేం దెబ్బ తగల్లేదు" అన్నాడు. ఇది ఆయనకు జబ్బు రావడానికి రెండేళ్ళ ముందు మాట.

ఇక్కడిదాకా విని, అయితే మంచివాడే అన్నమాట అని లేచి వెళ్ళిపోకండి. అసలు అభియోగాలు ఇప్పుడు మొదలవుతాయి.

మొదటిది ఐర్లండు. 1801లో ఐర్లండును బ్రిటన్‌లో కలిపేటప్పుడు, అక్కడి కాథలిక్కులకు పార్లమెంటులో కూర్చునే హక్కు ఇస్తామని పిట్ ఆశ పెట్టాడు. జార్జి, నా పట్టాభిషేక ప్రమాణానికి ఇది విరుద్ధం అని అడ్డుపడ్డాడు. పిట్ రాజీనామా చేశాడు. ఆ హక్కు రావడానికి 1829 దాకా పట్టింది. ఒక తరం మొత్తం నష్టపోయింది. ఐర్లండులో ఆ చేదు ఎంతకాలం ఉందో మీకు తెలుసు.

రెండోది బానిసత్వం. యువరాజుగా ఉన్నప్పుడు ఫ్రెంచి తత్వవేత్త మాంటెస్క్యూని చదువుతూ రాసుకున్న నోట్సులో, బానిసత్వాన్ని సమర్థించే వాదాలు ఎంత అసహ్యమో రాసుకున్నాడు. చదివితే ఈ కాలపు మనిషి రాసినట్టుంటుంది. అదే మనిషి రాజయ్యాక, 1770 డిసెంబరులో, బానిసల దిగుమతికి అడ్డొచ్చే ఏ చట్టానికీ ఒప్పుకోవద్దని వర్జీనియా గవర్నరుకి ఆదేశం వెళ్ళింది ఆయన పేరు మీద. కొడుకు క్లారెన్స్ డ్యూక్ ప్రభువుల సభలో బానిస వ్యాపారాన్ని సమర్థిస్తూ మాట్లాడాడు. 1807లో ఆ వ్యాపారాన్ని నిషేధించే చట్టానికి ఆమోదం తెలిపింది ఈయనే, నిజమే. కానీ దానికోసం వేలు కూడా కదపలేదు. తెలిసీ ఊరుకోవడం తెలియక చెయ్యడం కన్నా పెద్ద తప్పు అని నా అభిప్రాయం.

మూడోది మనది. దీని మీదే కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఓపిక పట్టండి.

1765 ఆగస్టులో షా ఆలం ఫర్మానాతో ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కాయి. మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం. ఇక శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి ప్రాంతాల జమీందార్లు కంపెనీకి పేష్కషు, అంటే కప్పం కట్టాలి. 1778లో థామస్ రంబోల్డ్ అనే ఆయన మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అప్పటిదాకా కంపెనీ కమిటీ ఊళ్ళకు వెళ్ళి భూముల ఆదాయం లెక్కగట్టే ఏర్పాటు ఉండేది. రంబోల్డ్ దాన్ని ఆపేసి, జమీందార్లనే మద్రాసుకి రమ్మన్నాడు. విజయనగరం నుంచి మద్రాసుకి! అప్పటి దారుల్లో! అక్కడ గదుల్లో బేరాలు. లంచాల ఆరోపణలు గుప్పుమన్నాయి. రంబోల్డ్ ఇంగ్లండుకి తిరిగెళ్ళాక పార్లమెంటులో అతని మీద శిక్ష బిల్లు పెట్టారు. 1783లో అది నీరుగారిపోయింది.

అంటే 1783లో లండన్‌కి తెలియదు అనడానికి వీల్లేదు. బెంగాల్ కరువు సంగతి తెలుసు. ఆర్కాటు నవాబు ఏలిన కర్ణాటక ప్రాంతంలో ఏం జరుగుతోందో తెలుసు. కంపెనీని ఏదో ఒకటి చెయ్యాలని అన్ని పార్టీలూ ఒప్పుకున్నాయి. ఆ ఏడాది చివర్లో ఫాక్స్ మంత్రివర్గం ఇండియా బిల్లు తెచ్చింది. కంపెనీ పాలన తీసేసి, పార్లమెంటు పేర్కొన్న ఏడుగురు కమిషనర్ల చేతిలో నాలుగేళ్ళు పెట్టాలని. ఆ బిల్లులో లోపం లేదా? ఉంది. ఆ ఏడుగురూ ఫాక్స్ మనుషులే. ఇండియాలో ఉద్యోగాలు పంచే అధికారమంతా వాళ్ళ చేతికి పోతుంది. దిగువ సభలో భారీ మెజారిటీతో పాసైంది.

అప్పుడు జార్జి ఏం చేశాడు? టెంపుల్ అనే ప్రభువుకి ఒక చీటీ ఇచ్చాడు: ఈ బిల్లుకు ఓటేసినవాళ్ళు నా స్నేహితులు కారు, అంతే కాదు, వాళ్ళను నా శత్రువులుగా చూస్తాను. ఆ చీటీ ప్రభువుల సభలో చేతులు మారింది. డిసెంబరు 17న బిల్లు 76కి 95 ఓట్లతో ఓడిపోయింది. మర్నాడు అర్ధరాత్రి మంత్రులకు కబురు: మీ రాజముద్రలు పంపించెయ్యండి. ముఖాముఖి కలవడానికి కూడా ఇష్టపడలేదు. దిగువ సభలో మెజారిటీ ఉన్న ప్రభుత్వం రాత్రికి రాత్రి పోయింది. ఇరవై నాలుగేళ్ళ పిట్ ప్రధానమంత్రి అయ్యాడు. ఈ కథలో సంతోషపడి చేయూతనిచ్చింది ఎవరు? ఈస్టిండియా కంపెనీ.

లాయర్లు కూర్చుని ఉన్నారు ఇక్కడ, మీరే చెప్పండి. స్టాంపు చట్టం రోజు మంచం మీద ఉన్న రాజును నియంత అన్నారు. పార్లమెంటును పక్కకు నెట్టి, ప్రభువులను బెదిరించి, నడుస్తున్న ప్రభుత్వాన్ని కూలదోసిన పని ఆయన నిజంగా చేసిన రోజు ఒకటుంది. అది ఇండియా విషయంలో చేశాడు. దాన్ని ఏ ప్రకటనలో రాశారు? ఏ విగ్రహం పడగొట్టారు?

మరుసటి ఏడు ఎన్నికల్లో జనం పిట్‌నే గెలిపించారు, అది కూడా చెప్పాలి. ఆయన తెచ్చిన 1784 చట్టంతో కంపెనీని అజమాయిషీ చేసే బోర్డ్ ఆఫ్ కంట్రోల్ లండన్‌లో వచ్చింది. ఉద్యోగాల పంపకం మాత్రం కంపెనీ చేతిలోనే ఉండిపోయింది. ఫాక్స్ బిల్లు పాసైతే మన జమీందార్ల, రైతుల గతి మారేదా అంటే, మారేదని ఎవరూ గట్టిగా చెప్పలేరు. నేనూ చెప్పను. నేను చెప్పేది, ఆ బిల్లు మంచిచెడ్డలు తేలనివ్వలేదు అని. కంపెనీ ఏం చెయ్యాలి అన్న ప్రశ్న, లండన్‌లో ఎవరు ప్రధానమంత్రిగా ఉండాలి అన్న ప్రశ్న కింద నలిగిపోయింది. ఆ రాత్రికి పదిన్నరేళ్ళ తర్వాత, 1794 జులై 10న, పేష్కషు బాకీల గొడవ ముదిరి పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం చేతిలో విజయనగరం విజయరామరాజు చనిపోయాడు. 1802 నుంచి సర్కారుల్లో శాశ్వత శిస్తు ఏర్పాటు, కట్టలేనివాళ్ళ ఎస్టేట్లు వేలం. అవన్నీ జార్జి ఆజ్ఞలు కావు. వాటి గురించి విండ్సరులో ఆయనకు వివరంగా తెలిసిన సందర్భాలు కూడా తక్కువే అయి ఉండాలి. కానీ ఇండియా సంగతిని పార్లమెంటులో నిలబెట్టి తేల్చే అవకాశం ఒకటి వచ్చినప్పుడు, దాన్ని చేతులారా చెడగొట్టింది మాత్రం ఆయనే.

విండ్సరులోని ఆయన కాగితాలను 2015లో మొదలైన పథకం కింద స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు. చేతిరాత మొదట్లో కాస్త ఇబ్బంది పెడుతుంది, పది ఉత్తరాలయ్యాక అలవాటవుతుంది. మన వైపు మద్రాసు రెవెన్యూ రికార్డులున్నాయి. 1783 డిసెంబరు ఉత్తరాలు ఒక పక్కన, అదే నెలల సర్కారుల రికార్డులు ఇంకో పక్కన పెట్టుకుని చదివే పని మన పిల్లల్లో ఎవరైనా తలకెత్తుకుంటే, నాకు చేతనైన సాయం చేస్తాను. హిస్టరీ ఎం.ఏ. చదువుతున్నవాళ్ళు ముగ్గురు నలుగురు వచ్చారని విన్నాను. అయ్యాక ఒకసారి నన్ను కలవండి.

ఇక మీరు అడగండి. ముందు వెనక వరసలో ఆ అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంచింది, మైకు అటివ్వండి.